సంతకం ఎవరిదైనా, కాగితం మనది కావాలి

పోస్ట్ కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. ఒప్పుకోని మాట ఉంటే కింద రాయండి, మాట్లాడుకుందాం.

2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి అమెరికా అధ్యక్షుడయ్యాడు. కూర్చున్న మొదటి రోజే రెండు డజన్లకు పైగా ఆర్డర్ల మీద సంతకాలు పెట్టాడు. నల్ల స్కెచ్ పెన్నుతో సంతకం పెట్టి, ఫైలు పైకెత్తి చూపించే ఆ వీడియోలు హాస్టల్లో అందరి ఫోన్లలో తిరిగాయి. "లీడర్ అంటే అట్లుండాలిరా, మనోళ్లకు కూడా అలాంటోడు ఒక్కడు పడాలి" అన్న మాట రూముల్లో విన్నాం, ఇలాంటి గ్రూపుల్లోనూ చదివాం. ఆ మాటతో మేం ఒప్పుకోం. ఎందుకో చెప్పడానికే ఈ పోస్ట్.

ఆ మొదటి రోజు సంతకాల్లో ఒకటి ఒక కొండ పేరు గురించి. అలాస్కాలో అమెరికా మొత్తం మీద ఎత్తయిన కొండ ఉంది. అక్కడి ఆదివాసులు దాన్ని తరతరాలుగా దెనాలి అంటారు. తెల్లవాళ్లు వచ్చి మెకిన్లీ అనే ఒక అధ్యక్షుడి పేరు పెట్టారు. 2015లో ఒబామా ప్రభుత్వం మళ్లీ దెనాలి అని మార్చింది. పదేళ్లు తిరక్కుండానే ట్రంప్ ఒక్క సంతకంతో మెకిన్లీ పేరు తెచ్చాడు. కొండ అక్కడే ఉంది, జనం అక్కడే ఉన్నారు, పేరు మాత్రం వాషింగ్టన్‌లో మారింది. కొండలకు, గుట్టలకు, వాగులకు మన భాషలో పేర్లున్న మనకు ఇది ఎట్లుంటదో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికా అధ్యక్షుడికి ఇంత పవర్ ఎక్కడిది? అక్కడ దేశం పెద్ద ఆయనే, ప్రభుత్వం పెద్ద ఆయనే. మన దగ్గర రాష్ట్రపతి, ప్రధాని అని ఇద్దరి మధ్య పంచిన పని అక్కడ ఒక్కడిదే. సైన్యానికి పెద్ద ఆయన. మంత్రుల్ని పెట్టుకునేది ఆయన (సెనేట్ ఒప్పుకోవాలి), తీసేసేదీ ఆయనే. మంత్రులు చెప్పినట్టు ఆయన నడుచుకోవాలన్న రూలు లేదు. కాంగ్రెస్ చేసిన బిల్లును వెనక్కి కొట్టొచ్చు. రెండు సభల్లో మూడింట రెండు వంతుల మంది మళ్లీ ఓటేస్తేనే అది చట్టమవుతుంది. ఇవి కాక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అనేది ఒకటుంది. మన జీవో లాంటిది అనుకోండి. సభలో ఓటు అక్కర్లేదు, సంతకం పడితే ఆఫీసులు కదులుతాయి. కానీ తర్వాత వచ్చినోడు అదే పెన్నుతో దాన్ని కొట్టేయొచ్చు. దెనాలి విషయంలో జరిగింది అదే.

ఇప్పుడు ఆ దేశంలోనే ముగ్గురు అధ్యక్షుల సంగతి చూద్దాం. ముగ్గురి తీరు వేరు, ముగ్గురూ ఆదివాసుల భూమి మీద సంతకాలు పెట్టినోళ్లే.

మొదటాయన ఆండ్రూ జాక్సన్. పేదింట్లో పుట్టి పైకొచ్చినోడు. మామూలు తెల్లజనం ఆయన్ని మా మనిషి అనుకున్నారు. 1830 మే 28న ఆయన సంతకం పెట్టిన చట్టంతో మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసుల్ని పడమటికి పంపే పని మొదలైంది. చెరోకీల నేల మీద జార్జియా రాష్ట్రం చట్టాలు చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అధ్యక్షుడు ఆ తీర్పును నిలబెట్టలేదు. 1838లో చెరోకీల్ని సైన్యం తోలుకుపోయింది. దారిలో వేలమంది చనిపోయారు. జనంలోంచి వచ్చిన లీడరే, కాకపోతే ఆయన లెక్కలో జనం అంటే ఆదివాసులు లేరు.

రెండో ఆయన థియోడర్ రూజ్‌వెల్ట్. అడవుల్ని కాపాడిన అధ్యక్షుడని పుస్తకాలు పొగుడుతాయి. 1906లో న్యూమెక్సికోలో టావోస్ ఆదివాసుల పవిత్రమైన బ్లూ లేక్ చుట్టూ అడవిని ప్రభుత్వ అడవిలో కలిపేశారు. రిజర్వ్ ఫారెస్ట్ అనే మాట పోడు చేసుకునే ఇళ్లల్లో ఎట్లా వినిపిస్తదో మనకు తెలుసు. అడవి బతికింది, అడవిలో మొక్కుకునే వాళ్లకు మాత్రం పర్మిషన్లు వచ్చిపడ్డాయి.

మూడో ఆయన రిచర్డ్ నిక్సన్. వాటర్‌గేట్ కుంభకోణంలో 1974లో రాజీనామా చేసినోడు. మంచి లీడర్ల లిస్టులో ఎవరూ ఆయన్ని పెట్టరు. కానీ ఆదివాసుల విషయాలు ఆదివాసులే నిర్ణయించుకోవాలని 1970 జులైలో కాంగ్రెస్‌కు రాసింది ఆయనే. అదే ఏడాది డిసెంబర్ 15న బ్లూ లేక్‌తో పాటు 48 వేల ఎకరాలు టావోస్ వాళ్లకు తిరిగి ఇచ్చే చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే.

మరి ఆయన మనసు మెత్తనయ్యి ఇచ్చాడా? టావోస్ పెద్దలు 64 ఏళ్లు వదలకుండా తిరిగారు. డబ్బులు తీసుకోండి అంటే డబ్బులొద్దు, చెరువు కావాలన్నారు. చివరికి కాంగ్రెస్‌లో బిల్లు పాసయ్యేదాకా తెచ్చి, ఆ కాగితాన్ని అధ్యక్షుడి టేబుల్ మీదికి చేర్చారు. అది ఆర్డర్ కాదు, చట్టం. అందుకే తర్వాత ఎంతమంది అధ్యక్షులు మారినా బ్లూ లేక్ వాళ్ల చేతిలోనే ఉంది.

మేం చెప్పదల్చుకుంది ఇదే. సంతకం పెట్టే చెయ్యి గట్టిదా, మంచిదా అన్నది రెండో ప్రశ్న. ఆ చేతి ముందు పెట్టిన కాగితం ఎవరు రాశారు, అది ఎంతకాలం నిలబడే రకం అన్నది మొదటి ప్రశ్న.

ఇక మన దగ్గరికొద్దాం.

2022 జులై 25న ద్రౌపది ముర్ము గారు రాష్ట్రపతి అయ్యారు. సంతాలీ ఆడబిడ్డ ఆ కుర్చీలో కూర్చుంటే మన ఊళ్లల్లో సంబరం చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. అదే ఏడాది డిసెంబర్‌లో ఆమె భద్రాచలం కూడా వచ్చారు. కానీ ఇంగ్లీషులో ఇద్దరినీ ప్రెసిడెంట్ అన్నా, తెలుగులో వాళ్లను అధ్యక్షుడు అని, మన వాళ్లను రాష్ట్రపతి అని వేరేగా అంటాం. పని కూడా వేరే. మన రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి. ఒకసారి మళ్లీ ఆలోచించండి అని వెనక్కి పంపొచ్చు, రెండోసారి అదే సలహా వస్తే ఒప్పుకోవాల్సిందే.

ఆ సంతకం బరువు మన జిల్లాకు బాగా తెలుసు. 2014 మే 29న, తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు, అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఒక ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. భద్రాచలం టౌను ఇటు మిగిలింది, పక్కనే ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం అటు పోయాయి. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు కోయ, కొండరెడ్డి ఊళ్ల జనానికి రాత్రికి రాత్రి రాష్ట్రం మారిపోయింది. ఆ సంతకానికి ఏ గ్రామసభ తీర్మానమూ అవసరం పడలేదు. సంతకం రాష్ట్రపతిది, కాగితం మాత్రం కేంద్ర మంత్రివర్గానిది.

అయితే మన రాజ్యాంగంలో ఆదివాసుల కోసం ప్రత్యేకంగా పవర్ పెట్టిన కుర్చీ ఇంకోటుంది. అది గవర్నర్ కుర్చీ. అయిదో షెడ్యూల్ తీసి చూడండి. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా షెడ్యూల్డ్ ఏరియాకు వర్తించదు అని, లేదా ఈ మార్పులతోనే వర్తిస్తుంది అని గవర్నర్ ఒక నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూమి చేతులు మారకుండా, వడ్డీ వ్యాపారం అదుపులో ఉండేట్టు రెగ్యులేషన్లు చేయొచ్చు. రెగ్యులేషన్ చేసే ముందు గిరిజన సలహా మండలిని అడగాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం రావాలి. ఆ మండలిలో 20 మంది వరకు ఉంటారు, ముప్పావు వంతు మన ఎస్టీ ఎమ్మెల్యేలే. షెడ్యూల్డ్ ఏరియాల పాలన ఎట్లుందో గవర్నర్ ప్రతి ఏడాదీ రాష్ట్రపతికి నివేదిక పంపాలి. దేశమంతటికీ చేసిన చట్టాన్ని మన ఊళ్ల దగ్గర ఆపే పవర్ ఇది. కాగితం మీద చూస్తే అమెరికా అధ్యక్షుడికి కూడా ఇట్లాంటిది లేదు.

వాడితే ఏమవుతుందో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. మనం రోజూ వన్ ఆఫ్ సెవెంటీ అంటాం కదా, అది అసెంబ్లీ చట్టం కాదు, గవర్నర్ రెగ్యులేషన్. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో గట్టి చేశారు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనేతరుడికి ఎవరు అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1997లో సమత కేసు తీర్పుకు కూడా అదే పునాది. బినామీలు లేరా అంటే ఉన్నారు. కానీ అది లేకపోతే ఈపాటికి మన ఊళ్లల్లో మనకు ఇంటి జాగా కూడా మిగిలేది కాదు.

మేం చదువుకుంటున్న ముదిగొండ షెడ్యూల్డ్ ఏరియా కాదు. 2007 జులై 28న ఇక్కడ భూమి అడిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. ఇక్కడి నుంచి మా ఊళ్లకు బస్సులో మూడు నాలుగు గంటలు. మధ్యలో ఎక్కడో చట్టం మారిపోతుంది. ఆ గీత బస్సులోంచి కనిపించదు గానీ, మా ఇళ్లు దాని వల్లే నిలబడ్డాయి.

ఇంకో కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి, అది మన గ్రూపులో అందరికీ గాయమే. జీవో నంబర్ 3. 2000 జనవరిలో గవర్నర్ అధికారం కింద ఇచ్చిన ఉత్తర్వు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నారు. దాని వల్ల మన ఇళ్లల్లో మొదటి జీతం వచ్చింది. పిల్లలకు కోయలో చెప్పే సారు బడికొచ్చాడు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచి దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. అయిదో షెడ్యూల్ కింద గవర్నర్‌కు ఉన్న పవర్ చట్టాలను మార్చడానికే గానీ, ఉద్యోగ రూల్స్‌ను పక్కనపెట్టి ఇట్లాంటి ఉత్తర్వు ఇవ్వడానికి కాదంది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నోళ్లను షరతుల మీద ఉంచింది.

రెగ్యులేషన్ రాసుంటే వంద శాతం నిలబడేది అని మేం అనట్లేదు, కోర్టు చెప్పిన రెండు కారణాల్లో మొదటిది దానికీ అడ్డమే. మేం అనేది వేరే. వంద కుదరదు అంటే ఏమీ కుదరదు అని కాదు. ఏజెన్సీ బడిలో పిల్లల భాష తెలిసిన టీచరుకు ముందు చోటు దక్కేట్టు, కోర్టులో నిలబడే కాగితం రాయాలి. సలహా మండలిలో చర్చ జరిగి, గవర్నర్ దగ్గరికి, అవసరమైతే పార్లమెంటు దాకా పోయే కాగితం. డీఈడీ, బీఈడీ చేసి కూర్చున్న మన అక్కలు, అన్నలు ఎదురుచూసేది దానికోసం. అన్ని పార్టీలూ న్యాయం చేస్తాం అంటాయి. ఏ కాగితం, ఎవరు రాస్తున్నారు, ఎక్కడి దాకా వచ్చింది అని మనం అడగం.

కొందరు అడగొచ్చు, గవర్నర్‌ను మనం ఓటేసి ఎన్నుకోలేదు కదా, ఆయనకు పవర్ ఉంటే మనకేం లాభం అని. మంచి ప్రశ్న. గవర్నర్ సొంతంగా చేయొచ్చా, మంత్రివర్గం చెప్తేనే చేయాలా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. చాలాచోట్ల ఆ కుర్చీ మౌనంగానే ఉంటుంది. కానీ జనం కదిలితే కుర్చీ కూడా కదిలిన సందర్భం ఉంది. జార్ఖండ్‌లో ఆదివాసుల భూమి చట్టాలను సడలించే బిల్లులు 2016లో అసెంబ్లీలో పాసయ్యాయి. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. 2017లో అక్కడి గవర్నర్ ఆ బిల్లుల్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. దీనివల్ల ఆదివాసులకు ఏం లాభమో చెప్పమన్నారు. ప్రభుత్వం ఆమె వచ్చిన పార్టీదే అయినా వెనక్కి తగ్గింది. ఆ గవర్నర్ ఇప్పటి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారే. ఆమెది గట్టిగా అరిచే తీరు కాదు. రోడ్డు మీద జనం ఉన్నారు, చేతిలో పవర్ ఉంది, ఆమె దాన్ని వాడారు.

ఏ కుర్చీతో పని లేకుండా గెలిచిన చోటు కూడా ఉంది. 2013లో ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు చెప్పినట్టు 12 ఊళ్లల్లో గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వేదాంత మైనింగ్ వద్దన్నాయి. కొండ మిగిలింది.

అందుకే మా అభిప్రాయం, మనకు ట్రంప్ లాంటోడు అక్కర్లేదు. ఐటీడీఏకి ఒక మంచి పీవో వస్తే పనులు జరుగుతాయి, ట్రాన్స్‌ఫర్ అయితే మళ్లీ మొదటికొస్తాయి. మనిషిని నమ్ముకున్న పని ఆ మనిషితోనే పోతుందని సోమవారం దర్బార్‌లో లైను కట్టిన ప్రతి అమ్మకూ తెలుసు.

ఈ గ్రూపులో ఉన్నోళ్లం మూడు పనులు చేద్దాం. ఒకటి, షెడ్యూల్డ్ ఏరియాల మీద గవర్నర్ పంపిన నివేదికల కాపీలు కావాలని గవర్నర్ ఆఫీసుకు ఆర్టీఐ వేద్దాం. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. రెండు, గిరిజన సలహా మండలి ఎన్నిసార్లు కూర్చుంది, జీవో 3 తర్వాత టీచర్ పోస్టుల గురించి ఏం తీర్మానించింది అని మన ఎమ్మెల్యేలను ఊరికొచ్చినప్పుడు మైకులోనే అడుగుదాం. మూడు, ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అయిదో షెడ్యూల్‌ను, పీసా చట్టాన్ని గ్రామసభలో గట్టిగా చదివి, అర్థం కాని చోట కోయలో చెబుదాం. మన ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మనమే. ఆ కాగితాలు చదివి చెప్పే బాధ్యత ఇంకెవరి మీదా లేదు.

ఆర్టీఐ రాయడానికి ముందుకొచ్చేవాళ్లు కింద ఊరి పేరు, మండలం పేరు పెట్టండి. ఫార్మాట్ మేం తయారు చేస్తాం.

జై ఆదివాసీ.

ముదిగొండ నుంచి, డిగ్రీ హాస్టల్ విద్యార్థులం