వాడవాడనా ఉన్నాం, సీటు మాత్రం లేదు

2020 జనవరిలో నిజామాబాద్ నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. 60 డివిజన్లలో బీజేపీ 28, మజ్లిస్ 16, టీఆర్ఎస్ 13, కాంగ్రెస్ 2 గెలిచాయి. పెద్ద పార్టీ బీజేపీయే. కానీ మజ్లిస్ మద్దతుతో మేయర్ కుర్చీ టీఆర్ఎస్‌కు దక్కింది. డిప్యూటీ మేయర్ పదవి మజ్లిస్‌కు వెళ్లింది. ముస్లింలు ఒకేచోట చేరి బతుకుతున్న బస్తీల బలం అది.

అదే ఊళ్లో గీత పెద్దదైతే లెక్క మారిపోతుంది. 2023లో నిజామాబాద్ అర్బన్ అసెంబ్లీ స్థానాన్ని బీజేపీ గెలిచింది. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ షబ్బీర్ అలీ ఓడిపోయారు.

ఆ ఎన్నికల్లోనే రాష్ట్రం మొత్తం చూడండి. మజ్లిస్‌కు వచ్చింది సుమారు 2.2 శాతం ఓట్లు, ఏడు సీట్లు. అన్నీ హైదరాబాద్‌లోనే. బీజేపీకి దాదాపు 14 శాతం వస్తే ఎనిమిది సీట్లు. రాష్ట్రమంతా పోటీ చేసిన బీఎస్పీకి 1.4 శాతం దాకా వచ్చాయి, ఒక్క సీటూ లేదు. ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఒక్కటే కాదు, ఎక్కడ పడ్డాయన్నదీ సీటును తేలుస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో దళితులు 15 శాతానికి పైనే. కానీ బోధన్ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లు తిరిగితే విషయం అర్థమవుతుంది. ప్రతి ఊరి అంచునా మన వాడ ఉంటుంది, ఏ నియోజకవర్గమూ మనది కాదు. అందుకే 2015లో మూతపడ్డ నిజాం షుగర్స్‌ను తెరిపిస్తామని పార్టీలు మాటిస్తాయి. చెరకు కొట్టే చేతుల కూలి రేటు మాత్రం ఎన్నికల అంశం కాదు.

అంబేద్కర్‌కు ఇది ముందే తెలుసు. 1942లో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహాసభ ప్రత్యేక నియోజకవర్గాలతో పాటు ప్రత్యేక గ్రామాలనూ అడిగింది. మనకు మిగిలింది రిజర్వుడు సీటు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా తొమ్మిది స్థానాల్లో అది జుక్కల్ ఒక్కటే. అక్కడ అభ్యర్థి దళితుడే, గెలిపించే ఓట్లలో ఎక్కువ భాగం ఇతరులవి. గెలిచినవారు ఎవరి మాట వింటారో వేరే చెప్పాలా?

2002 పునర్విభజన చట్టం ప్రకారం ఎస్టీ స్థానాలు వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోట ఉండాలి. ఎస్సీ స్థానాలను మాత్రం రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచి, ఆయా చోట్ల వీలైనంతవరకు దళితులు ఎక్కువున్న ప్రాంతంలో పెట్టాలి. చెల్లాచెదురుగా ఉండటం చట్టంలోనే రాసి ఉంది.

అసెంబ్లీ గీత మన చేతిలో లేదు. పంచాయతీ వార్డు, మున్సిపల్ డివిజన్ వేరు. వాటి గీత చిన్నది, ఒక్క వాడ కూడా అక్కడ ఫలితాన్ని తిప్పగలదు. ఆ గీత వాడను రెండుగా కోస్తే ఆ బలమూ పోతుంది. కాబట్టి వార్డుల ముసాయిదా వచ్చిన రోజే అభ్యంతరం రాయాలి. పోలింగ్ కేంద్రాలవారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. విద్యార్థులారా, ముందు మీ వాడ లెక్క తీయండి. గీత గీసేవాళ్ల దగ్గర ఆ లెక్క ఎప్పుడూ ఉంటుంది.