నీరు చెప్పని నిజం

సంస్కృతంలో నీటికి అనేక పర్యాయపదాలు ఉన్నాయి. అమరకోశం నీటిని 'జీవనం' అన్నది, 'అమృతం' అన్నది. ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, 'విషం' అనే శబ్దానికి కూడా నిఘంటువులు నీరు అనే అర్థాన్ని ఇచ్చాయి. ప్రాచీన కవులు ఈ రెండర్థాలను ఆధారం చేసుకొని శ్లేషలు కూర్చారు. విద్యార్థి దశలో వాటిని చదివినప్పుడు నాకు అది కేవలం శబ్ద చమత్కారంగానే తోచింది. నీరు జీవనమూ విషమూ కూడా కాగలదని నాకు నేర్పింది నల్గొండ జిల్లా.

సుమారు ముప్పై ఏళ్ల క్రితం, ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో, ఆ జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో తెలుగు బోధించాను. తరగతిలో ఒక విద్యార్థిని పద్యాన్ని తప్పు లేకుండా చదివేది. కాని చదివినంతసేపూ ఓణీ చెంగును నోటికి అడ్డంగా పెట్టుకొనేది. మాట స్పష్టంగా వినిపించడం లేదని ఒకనాడు అందరి ఎదుటా మందలించాను. ఆమె తల వంచుకొని కూర్చున్నది. ఆ తరువాత ఇక పద్యం చదవలేదు. కొన్నాళ్లకు ఆమె ఊరివాడే అయిన మరో విద్యార్థి, "సార్, మా ఊళ్లె అందరి పండ్లు గట్లనే ఉంటయి. మా నీళ్లే అసొంటివి" అని చెప్పాడు.

ఆ వారాంతంలో వారి ఊరికి వెళ్లాను. దంతాలపై గోధుమ రంగు చారలు పడిన పిల్లలను, నడుము వంగిపోయి మెడ తిప్పలేని పెద్దలను చూశాను. వారిలో కొందరికి నా కంటె వయస్సు తక్కువ. ఒక వృద్ధుడు "మా తలరాత" అన్నాడు. ఊరి నడుమ ఉన్న చేతిపంపు నీటిని దోసిట పట్టి చూశాను. నీరు తేటగా, చల్లగా ఉన్నది. రంగులో గాని, వాసనలో గాని, రుచిలో గాని నాకు ఏ దోషమూ కనిపించలేదు.

ఆ నీటిలోని దోషం ఫ్లోరైడ్. ఆ ప్రాంతపు గ్రానైటు శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉన్నాయి. భూమిలోకి ఇంకిన వాన నీరు ఏళ్ల తరబడి ఆ రాళ్ల పగుళ్లలో నిలిచి, ఫ్లోరైడ్‌ను తనలో కరిగించుకొంటుంది. ఇది స్వల్ప పరిమాణంలో దంతాలకు మేలు చేస్తుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. నల్గొండలోని అనేక గ్రామాల భూగర్భ జలాలలో అంతకు కొన్ని రెట్లు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. అధిక ఫ్లోరైడ్ పసితనంలో ఏర్పడుతున్న దంతాల పింగాణీ పొరను చెడగొడుతుంది. ఏళ్ల తరబడి శరీరంలో చేరితే ఎముకలలో పేరుకొని కీళ్లను, వెన్నును బిగింపజేస్తుంది. ఒకసారి వంగిన వెన్నును తిరిగి నిలబెట్టే ఔషధం లేదు. నివారణ ఒక్కటే మార్గం.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు ఎప్పటి నుండి తెలుసు? నాటి నెల్లూరు జిల్లాలోని ప్రజలలో ఈ వ్యాధిని గుర్తించి, కారణం తాగునీటిలోని ఫ్లోరైడేనని తెలిపిన పరిశోధన పత్రం 1937లో వెలువడింది. నల్గొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి 1955లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక ప్రచురించింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న యువకుల స్థితిని లోకం దృష్టికి తెచ్చారు. అదే దశాబ్దంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ, నీటి నుండి ఫ్లోరైడ్‌ను తొలగించే సులభ పద్ధతిని రూపొందించింది. నీటిలో తగిన పాళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి, తేరనిచ్చి, వడపోయడమే ఆ పద్ధతి. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. అది ఆఫ్రికా ఖండంలోని టాంజానియా వరకు వెళ్లింది. నేను చూసిన ఊరికి మాత్రం రాలేదు.

మన శాస్త్రజ్ఞులు తమ ధర్మాన్ని నెరవేర్చారు. లోపం వారి తరువాతి అంచెలో ఉన్నది. ఆ పరిశోధనలన్నీ ఆంగ్లంలో, వైద్యులు చదివే పత్రికలలో వచ్చాయి. ఆ నీరు తాగినవారి భాషలో ఆ సత్యాన్ని ఇంటింటికీ చేర్చినవారు చాలా తక్కువ. అందుకే 1937లో శాస్త్రం తేల్చిన కారణానికి, అర్ధశతాబ్దం గడిచిన తరువాత కూడా ఆ వృద్ధుడు తలరాత అనే పేరే పెట్టుకొన్నాడు.

"కారణం తెలిసినంత మాత్రాన నీరు వస్తుందా? ధనం కావాలి, ప్రభుత్వ సంకల్పం కావాలి" అని కొందరు అనవచ్చు. ఆ మాట నిజమే. శుద్ధి యంత్రాలు పెట్టినా, రోజూ పాళ్లు చూసి మందు కలిపే మనిషి లేకపోతే అవి మూలపడతాయి. నదీ జలాలను ఊరూరికీ మళ్లించడం ప్రభుత్వాలు మాత్రమే చేయగల పని. కాని తలరాత అనుకొన్నవాడు ఎవరినీ అడగడు. కారణం తెలిసినవాడే అడుగుతాడు. ఫ్లోరైడ్ పేరు పలకడం నేర్చిన నల్గొండ ప్రజలు కృష్ణా జలాల కోసం ఏళ్ల తరబడి ఉద్యమించారు. తెలంగాణ రాష్ట్రంలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం ద్వారా నదీ జలాలు ఆ పల్లెల ఇళ్ల ముంగిటికి వచ్చాయి. 1937 నుండి లెక్కిస్తే 79 ఏళ్లు. ఆ మధ్యకాలంలో పుట్టి పెరిగి వంగిపోయిన తరాల వారి నష్టాన్ని ఏ పథకమూ పూడ్చలేదు.

పైగా, తెలిసి ఉంటే ఆ లోగా చేయదగిన పనులు కూడా ఉండేవి. నీటిని మరిగిస్తే క్రిములు నశిస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక, పిల్లల క్షేమం కోరి నీళ్లు కాచి తాగించిన తల్లులను నేను ఎరుగుదును. ఒకే ఊరిలో రెండు బావుల నీటిలో ఫ్లోరైడ్ వేరువేరుగా ఉండవచ్చు. పరీక్ష చేయించి, తక్కువగా ఉన్న బావి నీటిని వంటకు, తాగడానికి కేటాయించుకొనే వీలుండేది. శుభ్రమైన కప్పు మీద పడే వాన నీటిని పసివారి కోసం నిల్వ చేసుకొనే వీలుండేది. ఆహారంలో కాల్షియం లోపిస్తే ఫ్లోరైడ్ హాని అధికమవుతుందని, పాలు, ఆకుకూరలు అవసరమని చెప్పడానికి ఖర్చేమీ లేదు.

విద్యార్థులారా! మీలో కొందరు శాస్త్రజ్ఞులు కావచ్చు. ఎక్కువమంది ఉపాధ్యాయులు, ఉద్యోగులు, రైతులు, గృహిణులు అవుతారు. పరిశోధన ఫలితాన్ని ఊరి భాషలోకి తేగలిగినవారు మీరే. కుళాయి వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండరాదు. గొట్టం పగిలిన నాడు ఊరు మళ్లీ పాత బోరు దగ్గరకే వెళుతుంది. మీ ఊరి నీటిని ఎప్పుడు పరీక్షించారు? ఫలితం ఏమిటి? ఆ కాగితం ఎక్కడ ఉన్నది? పంచాయతీ కార్యాలయంలో వినయంగా అడగండి. ఫలితాన్ని చదివి, అమ్మకూ అమ్మమ్మకూ అర్థమయ్యే తెలుగులో చెప్పండి.

ఆ విద్యార్థినిని మందలించిన నాడు నీటికి ఎన్ని పేర్లున్నాయో నాకు తెలుసు. ఆమె ఇంట్లో తాగే నీటిలో ఏమున్నదో తెలియదు. ఆమెను క్షమాపణ అడిగే అవకాశం మళ్లీ కలగలేదు. ఈ పాఠాన్ని ఆ బాకీలో కొంతగా భావిస్తున్నాను.