డెడ్‌లైన్

‘శుక్రవారమే డెడ్‌లైన్’ అంటుంటారు ఆఫీసుల్లో. గడువు అనే అర్థంలో వాడే ఈ మాట ఒకప్పుడు నిజంగానే చావుగీత! అమెరికా అంతర్యుద్ధంలో బందీలుగా చిక్కిన ఉత్తరాది సైనికుల్ని 1864లో జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైల్లో పెట్టారు. దుంగల ప్రహరీకి లోపల, సుమారు 19 అడుగుల దూరంలో కర్రలతో చిన్న దడి కట్టారు. దాని పేరే డెడ్‌లైన్. అది దాటినవాణ్ని కాపలావాళ్లు కాల్చేసేవారు. దాటనివాళ్లూ క్షేమంగా లేరు. అక్కడున్న 45 వేల మందిలో దాదాపు 13 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది రోగాలతో, తిండి చాలక. 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికా పత్రికాఫీసుల్లో, వార్త అందించాల్సిన ఆఖరి సమయానికి ఇదే మాట పేరైంది. అక్కణ్నుంచి అందరి నోళ్లలోకీ వచ్చింది. ఇప్పుడు గీత దాటితే చచ్చేది మనిషి కాదు... వార్త!