సాము నేర్చువారికి మితవ్యాయామము

మన దేశమున దేహబలమునకు గౌరవము అనాదిగా కలదు. తెలుగు పల్లెల గరిడీలలో కర్రసాము, కత్తిసాము, పట్టణముల తాలింఖానాలలో కుస్తీ, కేరళమున కళరిపయట్టు, మణిపురమున తాంగ్-టా తరతరములుగా నేర్పబడుచున్నవి. గడచిన కొన్ని దశాబ్దములలో కరాటే, టైక్వాండో, బాక్సింగు శిక్షణాలయములును ఊరూర వెలసినవి. బాలురే గాక బాలికలును వీనిలో చేరుట మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే విద్యతోపాటు కొన్ని అపోహలును గురువునుండి శిష్యునకు సంక్రమించుచున్నవి. అవి వట్టి మాటలుగా నిలిచియున్నచో నష్టము లేదు. కాని అవి దేహమును చెరచుచున్నవి. ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించుచున్నవి.

వీనిలో మొదటిది, శ్రమ ఎంత హెచ్చినచో బలమంత హెచ్చునను భ్రమ. 1960లో పరమపదించిన గామా పహిల్వాను దినమునకు వేలకొలది దండీలు, బస్కీలు తీసెడివాడని లోకము చెప్పుకొనును. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు ఏనుగును ఛాతీపై నిలుపుకొన్న ముచ్చట తెలుగునాట నేటికిని వినబడును. వినిన యువకుడు ఆ సంఖ్యను, ఆ ఏనుగును మాత్రమే గుర్తుంచుకొనును. వాని వెనుకనున్న ఏండ్ల సాధనను మరచును. అలవాటు లేని శరీరముతో మొదటి దినముననే వందలకొలది బస్కీలు తీసినచో కండరముల పోగులు చితికి, వానిలోని పదార్థములు రక్తమున గలియును. ఆ రక్తమును వడకట్టవలసిన మూత్రపిండములు దెబ్బతినును. మరునాడు మూత్రము చిక్కని టీ డికాక్షను రంగున వచ్చుట దానికి గుర్తు. అట్టి గుర్తు కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఆలస్యముగా వచ్చిన బాలునిచేత శిక్షగా మితిలేక బస్కీలు తీయించు గురువు ఈ సంగతి తెలిసికొనుట అవసరము.

రెండవది, నొప్పి లేనిదే బలము రాదను మాట. కొత్త కసరత్తు చేసిన ఒకటి రెండు దినములకు కండరములు నొచ్చుట సహజమే. అది సాధారణముగా మూడు నాలుగు దినములలో తగ్గును. అది అభ్యాసము కొత్తదని తెలుపును గాని, మంచిదని తెలుపదు. కీలులో పోటు, వాపు, ఛాతీలో నొప్పి, తల తిరుగుట అనునవి ఓర్చుకొనవలసిన నొప్పులు కావు, అవి హెచ్చరికలు. కండరము బలపడునది కసరత్తు చేయునప్పుడు కాదు, ఆ పిమ్మట విశ్రాంతి, నిద్ర, ఆహారము లభించినప్పుడు.

మూడవది, చెమటను గూర్చినది. సాధన నడుమ నీరు త్రాగరాదనియు, చెమట ఎంత కారినచో క్రొవ్వు అంత కరగుననియు పలువురు నమ్ముదురు. చెమటతో పోవునది నీరును, ఉప్పును మాత్రమే. పోటీకి ముందు మందపు దుస్తులు తొడిగి, నీరు మాని తగ్గించిన బరువు, నీరు త్రాగగనే తిరిగి వచ్చును. 1997లో అమెరికా దేశమున ముగ్గురు కళాశాల మల్లులు ఈ విధముగా బరువు తగ్గింపబోయి కొద్ది వారముల వ్యవధిలో మరణించిరి. అటుపిమ్మటనే అచ్చటి కళాశాల క్రీడాసంఘము రబ్బరు దుస్తులను, ఆవిరి గదులను బరువు తగ్గించుటకు వాడరాదని నిషేధించినది. మన వేసవి ఎండలలో ఈ ప్రమాదము మరింత హెచ్చు. సాధన ప్రాతఃకాలముననే ముగించుట, నడుమ నడుమ నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పుచ్చుకొనుట క్షేమము.

నాలుగవది, దెబ్బలు తినగా తినగా తల గట్టిపడునను నమ్మకము. ఎముక గట్టిపడినను లోనున్న మెదడు గట్టిపడదు. తలకు దెబ్బ తగిలి తికమకపడినవానిని, వాంతి చేసికొన్నవానిని ఆ దినమున తిరిగి బరిలోనికి దింపుట పౌరుషము కాదు, అవివేకము.

అయినచో ఎంత శ్రమ తగినది? ఈ ప్రశ్నకు సుశ్రుతసంహిత ఏనాడో ఉత్తరము చెప్పినది: తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెను, శ్వాస నోటివరకు వచ్చుటయే ఆ మేరకు గుర్తు. నేటి వైద్యులును ఊపిరినే కొలతగా చూపుచున్నారు. మాటలాడ గలిగి, పాట పాడలేనంతటి శ్రమ మధ్యమము. రెండు మూడు మాటలకే ఊపిరి తీసికొనవలసినచో అది తీవ్రము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమ వ్యాయామమును, లేదా 75 నుండి 150 నిమిషముల తీవ్ర వ్యాయామమును సూచించినది. సాము నేర్చువారు వారమున రెండు మూడు దినములు మాత్రమే తీవ్రముగా శ్రమించి, తక్కిన దినములలో అడుగులు, పట్లు, ఒడుపులు మెల్లగా అభ్యసించుట మంచిది. వారమున ఒక దినము పూర్తి విశ్రాంతి ఉండవలెను. లెక్క పెంచదలచినచో కొద్దికొద్దిగా పెంచవలెను. జ్వరముతో సాధన చేయరాదు. నలువది ఏండ్లు దాటి కొత్తగా చేరువారు, గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

ఆహార విషయమునను భ్రమలు కలవు. ఖరీదైన పొడుల డబ్బాలు కొననిదే కండ రాదని అనేకులు అప్పులైనను చేయుచున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో అట్టి మాంసకృత్తుల పొడులను మానుమనియే చెప్పినది. సాధకునకు మాంసకృత్తులు ఇతరులకంటె కొంత హెచ్చుగా కావలసినను, పప్పులు, పాలు, పెరుగు, వేరుసెనగలు, గ్రుడ్లు, చేపలు వానిని సమకూర్పగలవు.

ఈ విషయమున ముఖ్యభారము గురువులదే. శిష్యుడు నీరు అడుగుటకు జంకని చోట, నొప్పి కలిగినదని చెప్పుటకు సిగ్గుపడని చోట విద్య చిరకాలము నిలుచును. తలిదండ్రులును పిల్లలను గరిడీలో చేర్చుటకు ముందు ఒక దినము అచ్చట కూర్చుండి చూడవలెను. గురువు ఎన్ని బస్కీలు తీయించుచున్నాడని గాక, అలసినవానిని ఎప్పుడు ఆపుచున్నాడని గమనింపవలెను. ఆపుట ఎరిగిన గురువు చేతిలో బిడ్డను నిశ్చింతగా ఉంచవచ్చును.