ఆంగ్లపదపరిచయము: డిస్క్రెపెన్సీ

ఈ మాసము మనము నేర్వదగిన ఆంగ్లపదము డిస్క్రెపెన్సీ. ఇది నామవాచకము. సరిపోలవలసిన రెండు లెక్కలుగాని, రెండు వ్రాతలుగాని సరిపోలనప్పుడు, వాని నడుమ తేడాకు ఈ పేరు. ధ్వని కలియకుండుట యను నర్థముగల లాటిను క్రియనుండి ఇది పుట్టినది. శ్రుతి కలియని రెండు తంత్రులను తలచుకొనిన జ్ఞప్తియందుండును. ఒకటి నిజమైన రెండవది నిజము కాజాలదను విరోధమునకు కంట్రడిక్షన్ అని వేరు మాట గలదు.

మన భద్రాచలమునందే దీనికి దృష్టాంతము గలదు. 17వ శతాబ్దమున నేలకొండపల్లి వాస్తవ్యుడగు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీలుదారై వసూలుచేసిన ధనమును రామాలయమునకు వెచ్చించెననియు, అందుచే గోలకొండలో చెరపాలయ్యెననియు ప్రతీతి. వసూలునకును ఖజానా జమకును గల భేదమే డిస్క్రెపెన్సీ. దానిని కొలువువారు అపరాధమనిరి, భక్తులు సేవ యనిరి. తేడా మాత్రము ఒక్కటియే.

కావున ఈ పదము తేడాను తెలుపునేగాని నేరమును మోపదు. ఆధారు కార్డున పుట్టినింటి పేరు, రేషను కార్డున మెట్టినింటి పేరు ఉన్నయెడల అది డిస్క్రెపెన్సీ, మోసము కాదు. ఎవరైన మోసమనినచో, ఈ మాటనే వాడి, సవరణకు దరఖాస్తు పెట్టుకొనుడు. ఆంగ్లవాక్యమున దీని వెంట బిట్వీన్ అను మాటను చేర్చి, పిమ్మట ఆ రెండింటిని పేర్కొనవలెను.