అక్షరం పెరిగే పుస్తకాన్నే కొనండి



ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైనా, చీడికాడలో సాయంత్రం వేళ మా ఇంటి అరుగు మీద కూర్చుంటే పరిచయస్థులు మందుచీటీలు పట్టుకొని రావడం మానలేదు. పెద్దవయసు వారు వస్తే రక్తపోటు, చక్కెర, నిద్ర గురించి విచారించిన తరువాత మరొక ప్రశ్న కూడా వేయడం నాకు అలవాటు: "ఈ మధ్య ఏ పుస్తకం చదివారు?"

కిందటి ఏడాది ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు దీనికి ఇచ్చిన సమాధానం నన్ను కలచివేసింది. "చదవడం మానేసి మూడేళ్లయిందండి డాక్టరు గారూ. అక్షరాలు చీమల బారుల్లా కనబడుతున్నాయి. ఈ వయసులో ఇంక చదువెందుకులెండి" అన్నారాయన. భార్య గతించిన తరువాత ఆయనకు మిగిలిన తోడు పుస్తకాలే. ఆ తోడును కూడా ఎవరికీ చెప్పకుండా, వైద్యం అడగకుండా వదులుకున్నారు.

వృద్ధాప్యంలో చదువు ఆగిపోవడం సహజమని మనం సరిపెట్టుకుంటాము. వైద్యునిగా దీనిని నేను అంగీకరించలేను. మోకాలు నొప్పి వస్తే చేతికర్ర పట్టుకుంటాము. అలాగే చూపు తగ్గిన చదువరికి ఈ-పుస్తకం ఒక ఊతకర్ర. ఇది కుర్రవాళ్ల ముచ్చట అని భావించేవారు ఉన్నారు. నా అభిప్రాయంలో దీని అవసరం వారికంటె మనకే ఎక్కువ. అయితే తెలుగులో ఈ-పుస్తకం పేరిట దొరికేవన్నీ పెద్దవారి కంటికి పనికిరావు. ఆ తేడా తెలియక ఒకసారి నేనూ డబ్బు పోగొట్టుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా కంటి సంగతి. నలభై ఏళ్లు దాటిన తరువాత కంటిలోని కటకం సాగే గుణాన్ని కోల్పోతూ వస్తుంది. అందువలన దగ్గరి అక్షరం మసకబారుతుంది. దీనినే చత్వారం అంటాము. వయసుతో పాటు కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపు రంగుకు తిరుగుతుంది. ఫలితంగా, ఇరవై ఏళ్ల వయసులో రెటీనాకు చేరిన వెలుగులో అరవై ఏళ్లకు సుమారు మూడో వంతు మాత్రమే చేరుతుంది. మన లిపి విషయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. బ-భ, ప-ష, డ-ఢ వంటి జంటలకు మధ్య తేడా ఒక చిన్న గీత మాత్రమే. ఒత్తులు పంక్తి కింద ఇంకా చిన్నవిగా ఉంటాయి. కనుక అక్షరం పెద్దది కావాలి, వెలుగు ఎక్కువ కావాలి, పంక్తుల మధ్య ఎడం ఉండాలి. అచ్చు పుస్తకంలో ఈ మూడూ మన చేతిలో ఉండవు. మంచి ఈ-పుస్తకంలో మూడూ ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అక్షరం పెంచుకోవడం చికిత్స కాదు. శుక్లం ఉంటే శస్త్రచికిత్సతో చూపు వస్తుంది. నీటికాసులు వ్యాధి నొప్పి లేకుండా చూపును హరిస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. మధుమేహం ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. నిటారుగా ఉండవలసిన గీతలు వంకరగా కనిపించినా, అక్షరాల మధ్యలో మచ్చ అడ్డుపడినా ఆలస్యం చేయక నేత్రవైద్యుని కలవాలి. మా ఉపాధ్యాయునికి పరీక్షలో రెండు కళ్లలోనూ శుక్లాలు బయటపడ్డాయి. వాటిని తీయించుకొని, కొత్త కళ్లద్దాలు వేసుకున్న తరువాతనే ఆయన ఈ-పుస్తకం ముందు కూర్చున్నారు. మీరూ ఆ వరుసలోనే వెళ్లండి.

ఇక నా పొరపాటు. ఒక అమ్మకపు వెబ్‌సైటులో ఎప్పటినుంచో చదవాలనుకున్న నవల కనిపిస్తే వెంటనే డబ్బు చెల్లించాను. ఫోనులో తెరిస్తే అచ్చు పుటకు తీసిన ఛాయాచిత్రం ప్రత్యక్షమైంది. పెద్దది చేస్తే పంక్తి తెర దాటిపోయింది. ప్రతి పంక్తికీ పుటను కుడికి జరిపి, మళ్లీ ఎడమకు లాగవలసి వచ్చింది. పది పుటలు గడిచేసరికి మెడ పట్టేసి వదిలివేశాను.

ఈ-పుస్తకాలు ముఖ్యంగా రెండు రకాలు. పీడీఎఫ్‌లో పుట రూపం బిగించినట్లు ఉంటుంది. అక్షరాన్ని పెంచితే పుటంతా పెరుగుతుంది. ఈపబ్ వంటి రకంలో అక్షరాలు నీటివలె ప్రవహిస్తాయి. ఎంత పెంచినా పంక్తి తెర వెడల్పుకు తగినట్లు తనంతట తానే విరుగుతుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉన్నప్పటికీ, మన ప్రచురణ రంగం చాలాకాలం యూనికోడ్ కాని ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చింది. ఆ పుస్తకాలను ప్రవహించే రూపంలోకి మార్చడం శ్రమతో కూడిన పని. అందుచేత పీడీఎఫ్‌ను అలాగే అమ్మకానికి పెట్టడం సులువైన దారి అయింది. పుట ఛాయాచిత్రంగా ఉంటే ఫోను దానిని బిగ్గరగా చదివి వినిపించడమూ కష్టమే.

ఆరంభించేవారు మొదటిరోజే ఏదీ కొననవసరం లేదు. మన దేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. మన అనకాపల్లి జిల్లాలోని ఎస్.రాయవరంలో జన్మించిన గురజాడ అప్పారావుగారు 1915లో కన్నుమూశారు. ఆయన "కన్యాశుల్కం" నాటకాన్ని తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా, న్యాయంగా చదువుకోవచ్చు. అక్కడ స్వచ్ఛంద సేవకులు పాత పుస్తకాలను యూనికోడ్ అక్షరాలలోకి మార్చి దిద్దుతున్నారు. ఇంట్లో ఉన్న ఫోనులోనో, మనవడి ట్యాబ్‌లోనో దానిని తెరిచి, అక్షరం పెంచి, వారం రోజులు చదివి చూడండి. చేతికి, కంటికి అలవాటైన తరువాత కొనడం గురించి ఆలోచించవచ్చు.

తెలుగు ఈ-పుస్తకాల కోసమే 2010లో కినిగె మొదలైంది. గూగుల్ ప్లే బుక్స్‌లోనూ తెలుగు పుస్తకాలు దొరుకుతాయి. అమెజాన్ కిండిల్ 2016 డిసెంబరులో ఐదు భారతీయ భాషల పుస్తకాలతో ప్రత్యేక విభాగం తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అందులో ఉన్నాయి, తెలుగు లేదు. కనుక కిండిల్ వంటి పరికరం కొనాలనుకుంటే, మీకు కావలసిన తెలుగు పుస్తకాలు అందులో ఉన్నాయో లేవో ముందు చూసుకోండి. ఎక్కడ కొన్నా, డబ్బు చెల్లించే ముందు నమూనా పుటలు తెరిచి మూడు పరీక్షలు చేయండి. అక్షరం పెంచితే పంక్తి తెరలోనే ఇముడుతోందా? ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కనిపిస్తున్నాయా? ఫోను చదివి వినిపించగలుగుతోందా? మొదటి పరీక్షలో తప్పితే ఆ పుస్తకాన్ని అచ్చులోనే కొనుక్కోవడం మేలు.

తెర వలన చూపు పోతుందా అని చాలామంది అడుగుతారు. ఫోను వెలుగు రెటీనాను పాడుచేస్తుందనడానికి సరైన ఆధారాలు లేవు. కాని తెర చూస్తున్నప్పుడు రెప్పలు వేయడం తగ్గి కళ్లు పొడిబారుతాయి. ఇరవై నిమిషాలకొకసారి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి. వాకిట్లో కొబ్బరిచెట్టు ఉంటే అదే చాలు. నిద్ర విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 2014లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, 12 మంది చేత నిద్రకు ముందు నాలుగు గంటలపాటు వెలిగే తెర మీద పుస్తకాలు చదివించారు. అచ్చు పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే వారికి నిద్రపట్టడానికి సుమారు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. కనుక రాత్రి భోజనం తరువాత తెర వెలుగు తగ్గించండి. ఈ-ఇంక్ పరికరాల తెర కాగితం వలె బయటి వెలుగుతోనే కనబడుతుంది. వాటిలో దీపం కూడా ఉంటే దానిని తగ్గించుకోవచ్చు.

ఈ-పుస్తకం కొన్నామంటే సాధారణంగా మనకు దక్కేది చదువుకునే అనుమతి మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసివేసినప్పుడు పాఠకులకు డబ్బు తిరిగి ఇచ్చింది గాని, పుస్తకాలు మాయమయ్యాయి. ప్రాణప్రదమైన పుస్తకం ఉంటే దాని అచ్చుప్రతి కూడా బీరువాలో ఉంచుకోండి. వాట్సాప్‌లో తిరిగే దొంగ పీడీఎఫ్‌లు మనకొద్దు. రచయిత నోటి దగ్గర కూడు లాక్కోవడం మన వయసుకు తగదు. ఎవరు ఫోను చేసి ఓటీపీ అడిగినా చెప్పకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

చూపు బాగా తగ్గినవారి కోసం, పుస్తకం పట్టుకోలేని వైకల్యం ఉన్నవారి కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. మీ ఇంట్లో అటువంటివారు ఉంటే సభ్యత్వం గురించి విచారించండి.

ప్రచురణకర్తలకు ఒక విన్నపం. పుటలకు ఫొటోలు తీసి అమ్మకండి, అక్షరాలను అమ్మండి. కొనడానికి పింఛను డబ్బు, చదవడానికి తీరిక, రెండూ ఉన్న పాఠకులం మేము. మా కళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

పిల్లలకు ఒక మాట. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మానాన్నలకు బట్టలతో పాటు ఒక గంట సమయం కూడా ఇవ్వండి. ఫోనులో ఒక పుస్తకం తెరిచి, అక్షరం పెంచడం వారి చేతనే రెండుసార్లు చేయించండి.

మొన్న ఆ ఉపాధ్యాయుడు మా అరుగు మీదకు వచ్చారు. ఆయన మందుచీటీ మరచిపోయారు, ట్యాబ్ మాత్రం తెచ్చుకున్నారు. నేను ప్రశ్న వేయకముందే, గిరీశం మీద అరగంట వాదించారు.