శిబి త్రాసులో చిట్టెలుక



మా సత్యనారాయణపురంలో, మేముండే అపార్టుమెంటు పై అంతస్తు కుర్రవాడొకడు తాను పెంచుతున్న బాల్ పైథానును చూపడానికి మొన్న నన్ను పిలిచాడు. ఆఫ్రికా ఖండపు చిన్న జాతి కొండచిలువ అది. బెదిరితే బంతిలా చుట్టుకుంటుంది. "దీనికి తిండి ఏమిటి నాయనా?" అని అడిగాను.

"తెల్ల ఎలుకలు తాతగారూ. డబ్బాలో పెట్టి ప్రాణంతోనే ఫ్రీజర్‌లో ఉంచేస్తాను. చలికి నిద్రపోయినట్టు పోతాయి" అన్నాడు.

ఆ 'నిద్ర' అన్న మాటే నాచేత ఇది వ్రాయిస్తున్నది.

పాముకు ఎలుక ఆహారమన్న విషయంలో నాకు పేచీ లేదు. భారతంలోని శిబి కథలో డేగ అడిగినదీ అదే: పావురాన్ని కాపాడి నన్ను ఆకలితో చంపడం ఏ ధర్మమని. రాజు ఆ ప్రశ్నను త్రోసిపుచ్చలేదు. నడుమ కలుగజేసుకున్నందుకు తన శరీరాన్నే కోసి త్రాసులో పెట్టాడు. జాతక కథల శిబిని నాగార్జునకొండ శిల్పులు మన కృష్ణాతీరంలోనే రాతిలో మలిచారు. కలుగజేసుకున్నవాడే బాధ్యుడని నేను ఆ కథనుండి నేర్చుకున్నాను.

పొలంగట్టున పాము ఎలుకను పట్టితే మన ప్రమేయం లేదు. ఇక్కడ పామును గాజుపెట్టెలో పెట్టినదీ మనమే, ఎలుకను కొనితెచ్చినదీ మనమే. "ప్రకృతి సహజం" అని తప్పించుకోవడం చెల్లదు. బ్రతికున్న ఎలుకను ఆ పెట్టెలో వదిలితే దానికి పారిపోయే దారి లేదు. తెగించి కరిస్తే పాముకూ గాయమే. కేవలం వినోదం కోసం ఒక జంతువును మరొకదానికి ఎరగా బంధించడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను చెబుతున్నది. ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి పదిమందికి పంపేవారు గమనించాలి. ఆ సెక్షను మొదటి తప్పుకు విధించిన జరిమానా 10 నుండి 50 రూపాయలు. మూగజీవి బాధకు మనం కట్టిన వెల అంతే!

ఇక ఫ్రీజర్ సంగతి. స్పృహలో ఉన్న ఎలుకను గడ్డకట్టించడాన్నీ, నీట ముంచడాన్నీ అమెరికా పశువైద్య సంఘం 2020 మార్గదర్శకాలు అంగీకరించవు. సిలిండరు నుండి కార్బన్ డయాక్సైడును నిమిషానికి పెట్టె ఘనపరిమాణంలో 30 నుండి 70 శాతం చొప్పున క్రమంగా నింపి, మరణాన్ని నిర్ధారించుకోమంటాయి. వంటసోడాలో వెనిగరు పోసే ఇంటి ఉపాయం పనికిరాదు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఆ వాయువు త్వరగా పనిచేయదు. పెద్దవాటికి కూడా అది బాధాకరమేనని వాదించే శాస్త్రజ్ఞులున్నారు. శిక్షణ పొందిన చేయి మెడ ఎముకను క్షణంలో విడదీస్తుంది. అదే పని చేతకానివాడు చేస్తే చిత్రహింస. చచ్చినదాన్ని ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కరిగించి, వెచ్చజేసి పెడితే చాలా పాములు తినడం నేర్చుకుంటాయి.

"ఎలుక కోసం ఇంత రాద్ధాంతమా?" అని మీరు అడగవచ్చు. నా సంగతీ చెబుతాను. నిరుడు మా వంటింట్లో జిగురు అట్ట పెట్టాను. రాత్రంతా కీచుమన్న చప్పుడు వింటూనే అటు తిరిగి పడుకున్నాను. తెల్లవారి అట్టతో సహా చెత్తడబ్బాలో పడవేశాను. అప్పటికింకా దాని డొక్క ఎగసిపడుతూనే ఉన్నది. ముప్పై యేళ్ళు పిల్లలకు శిబి కథ చెప్పిన నోరు ఇది!

అందుచేత ఆ కుర్రవాడిని మందలించే అర్హత నాకు లేదనిపించింది. నా అట్ట కథే చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "మరి నన్నేం చేయమంటారు తాతగారూ?" అన్నాడు.

"పశువైద్యుని దగ్గర నేర్చుకో. నీవల్ల కాకపోతే తెలిసినవారిచేత చేయించు. అదీ కుదరకపోతే మరొక పామును కొనకు" అన్నాను.

చంపడం తప్పనప్పుడు ఆ చావును చూడగలిగే ధైర్యమైనా మనకుండాలి. ఫ్రీజర్ తలుపు మూసేయడమూ, నేను అటు తిరిగి పడుకోవడమూ ఒక్కటే పిరికితనం. విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయండి.

స్వస్తి.